తాంబూలపు సంచి మీద తెలుగు తగ్గుట ఏల?

కంప్లిలోను, చుట్టుపట్ల క్యాంపులలోను ఈ కొన్ని సంవత్సరములుగా జరుగుచున్న వివాహములకు, గృహప్రవేశములకు వెళ్ళి వచ్చువారు ఒక మార్పును గమనించియే యుందురు. శుభలేఖ తెలుగులోనే వచ్చును. పందిటిలోని పలుకరింపులు తెలుగులోనే సాగును. పెద్దముత్తైదువలు పాడు పాటలు తెలుగు పాటలే. కాని భోజనానంతరము తాంబూలముతో చేతికి వచ్చు సంచి మీద మాత్రము వధూవరుల పేర్లు ఇంగ్లీషు లిపిలో నుండును. పదునైదు, ఇరువది యేండ్ల క్రిందటి సంచులు ఇంకను మన వంటయిండ్లలో చింతపండునకు, కందిపప్పునకు ఆశ్రయమిచ్చుచు బ్రదికియున్నవి. వానిని బయటికి తీసి చూచినచో తెలుగు పేర్లే అధికముగా కానవచ్చును. స్టీలు పాత్రలు, టోపీలు, కలములు, గోడ గడియారములు మొదలగు పంపకపు వస్తువుల సంగతియు ఇట్లే యున్నది.

ఇది నేటి యువకుల ఇంగ్లీషు మోజు ఫలితమని మన పెద్దలు కొందరు తేల్చివేయుచున్నారు. మేము ఈ మాటతో ఏకీభవింపజాలము. కారణమడిగినప్పుడు ఇండ్లలో వినవచ్చు సమాధానము వేరుగా నున్నది. పెద్దవాని పెండ్లికి తెలుగులోనే వేయించిరట, వత్తులు ఊడివచ్చినవట, మరల వేయించుటకు వ్యవధి లేకపోయెనట, అందువలన చిన్నదాని పెండ్లికి నిశ్చింతగా ఇంగ్లీషులో వేయించిరట. ఇంటింటను ఇంచుమించు ఇదే కథ. తెలుగు మీది ప్రేమ తగ్గినందున సంచి మీద తెలుగు తగ్గలేదు. తెలుగును అచ్చునకు సిద్ధపరచి పంపు పద్ధతి తెలియనందున తగ్గినది. మొదటిదే కారణమైనచో చికిత్స దుర్లభము. రెండవదానికి చికిత్స సులభము, వ్యయము స్వల్పము. కావుననే ఈ విషయమునకు ఈ వారము ఇంత స్థలము కేటాయించుచున్నాము.

ముందుగా అచ్చువారి పక్షమున నొక మాట చెప్పవలసియున్నది. మన సంచులు కొన్ని కంప్లిలోను, కొన్ని ఏటికావలి గంగావతిలోను, కొన్ని హోసపేట, బళ్లారులలోను అచ్చగుచుండును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు పోగా, నాడు హోసపేట తాలూకాలో నుండిన మన కంప్లి మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకు ముందు నుండియు ఇచ్చటనున్న కుటుంబములు కలవు. తుంగభద్ర ఆనకట్ట నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు వేసికొని స్థిరపడిన కుటుంబములు కలవు. రెండు తెగల వారి పిల్లలును నేడు బడిలో కన్నడమో, ఇంగ్లీషో చదువుచున్నారు. అచ్చుకూటములో కంప్యూటరు ముందు కూర్చుండు యువకుడును అట్లు చదివినవాడే. అతనికి తెలుగు చదువ రాదని నిందించుట న్యాయము కాదు. మన ఇంటి మనుమడే ఆ కుర్చీలో కూర్చుండినను సంచి అట్లే వచ్చును.

పైగా తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దుల క్రిందటి శాసనములలో ఇది తెలుగు లిపి, ఇది కన్నడ లిపి యని విడదీయుట పండితులకే కష్టము. ఈ చుట్టరికము మనకు గర్వకారణమే గాని, సంచి కడకు వచ్చునప్పటికి ఇదియే చిక్కు తెచ్చుచున్నది. ఏమాత్రము తెలియని లిపి యైనచో పనివాడు భయపడి, ఉన్నదున్నట్లు దింపును. సగము తెలిసిన లిపి గావున ఊహించును. గ, డ, ద, న, ర వంటి అక్షరములలో రెండు లిపుల భేదమంతయు ఇంచుమించు తలకట్టులోనే యున్నది. క, త, శ వంటివానిలో భేదము పెద్దది. ఊహతో చేసిన పనిలో ఒకే పేరులో రెండక్షరములు తెలుగును, ఒక అక్షరము కన్నడమును అగుట వింత కాదు. అది అతని కంటికి తప్పుగా కనబడదు.

బళ్లారి సీమకు అచ్చుపని క్రొత్తది కాదు. మంగళూరులో రాతి అచ్చు మీద 1843లో వెలువడిన మొదటి కన్నడ వార్తాపత్రిక మరుసటి సంవత్సరమే బళ్లారికి తరలివచ్చి, సీసపు అక్షరములతో అచ్చయినది. సీసపు అక్షరముల కాలములో కంపోజిటరు కూర్చుటయు, వేరొకరు ప్రూపు దిద్దుటయు, దిద్దిన తరువాతనే యంత్రమునకు ఎక్కించుటయు ఆచారము. ఇప్పుడు కంప్యూటరు వచ్చి కూర్చుపనిని తేలిక చేసినది గాని, ప్రూపు దిద్దువాని కుర్చీని తీసివేసినది. ఆ కుర్చీ ఖాళీగా నున్నంతకాలము మన వత్తులకు రక్షణ లేదు. ఆ కుర్చీలో మనమే కూర్చుండవలయును. అందులకు పని యెట్లు నడచునో కొంత తెలిసికొనవలయును.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ఏ అంకెకు ఏ రూపము గీయవలెనో ఫాంటు చెప్పును. మన తెలుగు అచ్చుకూటములలో బహుకాలముగా వాడుకలో నున్న అను మొదలగు పాత ఫాంటులు ఇంగ్లీషు అక్షరములకు నియమింపబడిన అంకెల మీదనే తెలుగు రూపములను కూర్చుండబెట్టినవి. ఆ ఫాంటు ఉన్న యంత్రములో అది చక్కని తెలుగు. లేని యంత్రములో ముసుగు తొలగి, అడుగున నున్న ఇంగ్లీషు అక్షరములు, ఆశ్చర్యార్థకములు, కుండలీకరణములు బయటపడును. కన్నడమునకు నుడి అనునది ఇట్టి పాత పద్ధతితోనే వ్యాప్తికి వచ్చినది. తెలుగు ఫైలునకు పొరపాటున కన్నడ ఫాంటు తగిలించినచో, తెలుగు గాక కన్నడము గాక మూడవ భాష యొకటి పుట్టును.

మేమెరిగిన యొక ఇంటిలో ఇట్లే జరిగినది. కర్నూలునందలి బంధువులు ముచ్చటగా కూర్చి పంపిన ఫైలును పొరుగూరి అచ్చుకూటమున తెరువగా అక్షరములు చెదిరిపోయినవి. అచ్చటివారు సదుద్దేశముతోనే, శుభలేఖను ఎదుట పెట్టుకొని మరల టైపు చేసిరి. గృహప్రవేశము ‘గ్రుహప్రవేశము’ అయినది. ఇంటిపేరులో నొక వత్తు పోయినది. సంచులు ముహూర్తమునకు ముందటి సాయంకాలము చేరినవి. ఆ ఇంటి పెద్దాయన కోపగింపక, పిల్లలందరిని కూర్చుండబెట్టి సంచులను లోపలి వైపు బయటికి త్రిప్పించి పంచిపెట్టించిరి. ఆ తరువాత వారి ఇంట ఇంగ్లీషు అక్షరములే.

యూనికోడు వచ్చిన తరువాత ఈ కష్టము కొంత తగ్గినది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునుండియు తెలుగునకు 128 స్థానములు, దాని వెంటనే కన్నడమునకు 128 స్థానములు కేటాయింపబడి యున్నవి. ఇరుగుపొరుగు ఇండ్లే, కాని గోడ స్పష్టముగా నున్నది. ఒకరి అక్షరము మరియొకరి ఇంటిలోనికి పోదు. విండోసు వారు తెలుగునకు ఇచ్చిన ఫాంటునకు గౌతమి యనియు, కన్నడమునకు ఇచ్చినదానికి తుంగ యనియు నదుల పేర్లు పెట్టిరి. తుంగభద్ర యొడ్డున నున్న మనకు రెండును కావలసినవే. అయినను యూనికోడుతోనే సర్వము సమకూడినదని తలపరాదు. మనము కూర్చిన ఫాంటు అచ్చువారి యంత్రములో లేనిచో, అది తనకు తోచిన వేరొక ఫాంటును పెట్టును. లేదా అక్షరములకు బదులు ఖాళీ గడులు చూపును. తెలుగు కూర్పు తెలియని సాఫ్టువేరు అయినచో వత్తులను క్రిందికి దింపక, ప్రక్కన పొల్లుతో నిలబెట్టును. లక్ష్మి అను రెండక్షరముల పేరు నాలుగు ముక్కలై సంచి వెడల్పున పరుచుకొనును.

ఈ బాధలన్నిటికిని ఒకే మందు కలదు. ఫైలు మన చేయి దాటక ముందే అక్షరములను రేఖలుగా మార్చుట. మన ప్రాంతపు అచ్చుకూటములలో విరివిగా వాడు కోరెల్‌డ్రాలో అక్షరములను ఎన్నుకొని కంట్రోలు, క్యూ మీటలను కలిపి నొక్కిన చాలును. ఇల్లస్ట్రేటరులో దీనికే వేరొక ఆదేశము కలదు. అటు తరువాత అవి అక్షరములు కావు, గీసిన బొమ్మలు. బొమ్మకు ఫాంటుతో పని లేదు. గంగావతిలో తెరచినను, బెంగుళూరులో తెరచినను అదే రూపము. అయితే రేఖలుగా మారిన తరువాత అక్షరదోషము దిద్దుట సాధ్యము కాదు. అందుచేత ముందు చదువవలెను, తరువాత మార్చవలెను. మార్చని ప్రతి నొకదానిని వేరుగా దాచుకొనవలెను. కోరెల్‌డ్రాలో నింకొక చిక్కు: క్రొత్త కూర్పులో దాచిన ఫైలు పాత కూర్పులో తెరచుకొనదు. కావున అచ్చువారి వద్దనున్న కూర్పును ముందుగా అడిగి, దానికి తగినట్లు దాచి, దానితోపాటు పీడీఎఫ్ ప్రతిని కూడ పంపుట క్షేమము.

గుండ్రని చిహ్నముల విషయమున మరింత జాగ్రత్త అవసరము. మన సంఘపు ముద్రయే ఉదాహరణము. పేరును వలయాకారముగా వంచునప్పుడు కొన్ని సాఫ్టువేరులు అక్షరమును, దాని గుణింతపు గుర్తును, వత్తును విడివిడి వస్తువులుగా భావించి వలయము వెంబడి తలయొక చోట పెట్టును. కొమ్ము ఒకవైపు, అక్షరము మరియొకవైపు వ్రాలును. అక్షరముల మధ్య ఎడము పెంచినప్పుడును ఇదే జరుగును. ఇంగ్లీషు అక్షరములు విడివిడిగా నిలుచు స్వభావము కలవి కనుక వానికి ఈ భయము లేదు. తెలుగు పేరును ముందు తిన్నగా కూర్చి, రేఖలుగా మార్చి, ఒక్కొక్క అక్షరమును దాని వత్తుతో సహా ముడివేసి, ఆ తరువాత చేతితో వలయము మీద అమర్చుట ఉత్తమము. అరగంట పని. ఒకసారి చేసినచో జీవితకాలము పనికివచ్చును.

ఇక నేడు అన్నిటికంటె ఎక్కువగా జరుగుచున్న అపచారము వాట్సాపు ఫోటో. ఫలానా బొమ్మ వేయుడని ఎవరో ఎవరికో పంపిన, వారు మరియొకరికి పంపిన, తుదకు తెరపట్టుగా మిగిలిన చిహ్నమును అచ్చువారికి పంపుచున్నాము. ఫోనులో అది ముద్దుగానే కనబడును. ఆ బొమ్మలో అడ్డముగా 600 చుక్కలే యున్నవనుకొందము. దానిని సంచి మీద ఎనిమిది అంగుళముల వెడల్పున వేసినచో అంగుళమునకు 75 చుక్కలు మాత్రమే లభించును. అచ్చుపనికి సాధారణముగా అంగుళమునకు 300 కావలెను. అనగా 2400 చుక్కలు. కొరవడిన చుక్కలను యంత్రము సృష్టింపజాలదు. అంచులు మెట్లుమెట్లుగా వచ్చును. సున్న పలుకలు దేరును. రేఖలతో గీసిన చిహ్నమునకు ఈ లెక్క లేదు. అది కలము మీదికి తగ్గించినను, పందిరి ద్వారము మీదికి పెంచినను అంచు చెడదు. చేతిలో రబ్బరు ముద్ర తప్ప వేరేదియు లేనివారు, దానిని ఫోటో తీసి పంపుటకు బదులు, తెలిసినవారిచేత దాని మీద మరల గీయించుకొనవలెను. ఏ ఫైలునైనను వాట్సాపులో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపవలెను. ఫోటోగా పంపినచో అది దారిలోనే చిక్కిపోవును.

ఫైలు ఎంత చక్కగా నున్నను, అచ్చు పడునది కాగితము కాదు. ఇచ్చటనే తెలుగు లిపి స్వభావము తెలిసినవారికిని తెలియనివారికిని భేదము కానవచ్చును. గుడ్డ సంచి మీద వేయునది స్క్రీను అచ్చు. చట్రమునకు బిగించిన సన్నని వలకు మందు పూసి, దాని మీద నల్లని బొమ్మ గల పారదర్శక పత్రము నుంచి వెలుతురు చూపుదురు. వెలుతురు తగిలిన చోట మందు గట్టిపడును. నల్లని బొమ్మ నీడలో నున్న చోట కడిగినప్పుడు పోవును. ఆ కంతల గుండ రబ్బరు పలకతో సిరాను నెట్టుదురు. సిరా గుడ్డలో కొంత పాకును. పాకినప్పుడు మొదట పూడునది సున్న. తరువాత వత్తుల మధ్యనుండు సందులు. ద, ధ అక్షరములకు భేదము అడుగున నున్న చిన్న గీత. థ అక్షరమునకు నడుమ నున్న చుక్క. ప, ఫ లకును, బ, భ లకును, డ, ఢ లకును అంతే. ఈ గీతలు ఊడినను, కలిసిపోయినను మాధవి ‘మాదవి’ అగును, భారతి ‘బారతి’ అగును, ఫణి ‘పణి’ అగును. అచ్చువాని దోషము లేదు, టైపు దోషము లేదు; అక్షరము చిన్నదైనందున దోషము పుట్టినది.

కర్ణాటకములో 2016 మార్చిలో ప్లాస్టిక్కు సంచులను నిషేధించిరి. గుడ్డకు మరలుట మేలే. కాని ముతక నేతగుడ్డ మీద నునుపు సంచి మీదవలె సన్నని గీత నిలువదు. మా అనుభవములో గుడ్డ మీద అతి సన్నని గీతయైనను అర మిల్లీమీటరునకు తక్కువ కాకుండుట మేలు. సున్న నడుమ ఖాళీ అంతకంటె ఎక్కువ యుండవలెను. మరియొక సంగతి. ఇంగ్లీషు పేరును, తెలుగు పేరును ఒకే కొలత ఫాంటులో పెట్టినచో తెలుగు చిన్నదిగా కనబడును. ఏలయన పైన గుడికిని, క్రింద వత్తునకును చోటు విడువవలసియుండుటచే నడిమి అక్షరము కుంచించుకొని యుండును. నమూనా గీయువారు తరచుగా రెండింటిని ఒకే అంకెలో పెట్టి, సమానముగా నిచ్చితిమందురు. అది సమానము కాదు. తెలుగును కంటికి సమానముగా కనబడునంత వరకు పెంచుడని మనము అడుగవలెను. ఎర్రని పట్టీలో తెల్లని అక్షరములు విడిచి వేయించువారు ఇంకను పెద్దవిగా వేయించవలెను. అచ్చట సిరా నాలుగు వైపుల నుండి పాకి అక్షరమునే మ్రింగును.

ఫాంటుల కొరత యని సాకు చెప్పుటకు నేడు వీలు లేదు. పోతన, వేమన పేర్లతో యూనికోడు ఫాంటులు వచ్చి చాలకాలమైనది. సిలికానాంధ్ర వెలువరించిన ఫాంటులు గూగుల్ ఫాంట్లలో ఉచితముగా లభించుచున్నవి. వానిలో శ్రీకృష్ణదేవరాయ కలదు, పెద్దన కలదు, తిమ్మన కలదు, ధూర్జటి కలదు. హంపిలో కొలువు తీరిన సభ అంతయు ఇప్పుడు కంప్యూటరులో కొలువు తీరియున్నది. హంపి ప్రక్కన నున్న మనము ఆ సభను విడిచి ఇంగ్లీషు అక్షరములకై పరుగెత్తుచున్నాము! రామభద్ర వంటి మందమైన ఫాంటు శీర్షికలకు తగును. కాని చిన్న కొలతలో దాని సందులు పూడును. కొనలు మరీ సన్నగా దేలు ఫాంటులు కాగితము మీది శుభలేఖకు సొగసైనవే గాని గుడ్డకు పనికిరావు.

టోపీల మీద దారముతో కుట్టించునప్పుడు ఇంగ్లీషు అక్షరమునకే కాలంగుళము ఎత్తు కావలెనందురు. వత్తు గల తెలుగు పదమునకు దానికి రెట్టింపైనను కావలెనని మా అభిప్రాయము. కలముల మీద స్థలము లేదు. అచ్చట పూర్తి సంఘనామమును ఇరికించుటకంటె చిహ్నము మాత్రము వేయించుట మేలు.

స్టీలు పాత్రల ముచ్చట వేరు. మన అమ్మమ్మల కాలపు బిందెల మీద, గిన్నెల మీద పేరు, ఊరు, తేదీ చెక్కించుట ఆచారము. పాత్రల అంగడి అరుగు మీద కూర్చుండి చెక్కువాడు కాగితము ముక్క మీద వ్రాసి ఇచ్చిన దానిని చూచి చేతితో చెక్కెడివాడు. అక్షరము వంకరగా నుండిన నుండును గాని, వత్తు ఊడెడిది కాదు. మనము ఎదుట నిలుచుండి చూచుచుంటిమి గదా. ఇప్పుడు లేజరు యంత్రము చెక్కుచున్నది. అది చూచునది మన ముఖము కాదు, మన ఫైలు. అరువది యేండ్ల క్రిందటి బిందె మీది పేరు నేటికిని చదువగలుగుచున్నాము. నేడు తప్పుగా చెక్కిన పేరును గూడ మన మునిమనుమలు అంతకాలము చదువుదురు.

రంగులను గురించి రెండు మాటలు చాలును. స్క్రీను అచ్చులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర కావలెను, తెరకు తగ్గ వెల కావలెను. కనుక ఒకటి రెండు రంగులతో చిహ్నమును గీయించుకొన్నవారు సుఖపడుదురు. ఫోనులో వెలుగుచున్న రంగు సిరాలో రాదు. పసుపు సంచి మీద పలుచని నీలి సిరా వేసినచో ఆకుపచ్చగా మారును. 1963 నుండి వాడుకలోనున్న పాంటోను రంగుల పట్టీలో ఒక అంకెను ఎన్నుకొని చెప్పినచో వివాదము లేదు. పట్టీ లేని చోట అదే గుడ్డ ముక్క మీద సిరా రాసి చూపుమని అడుగవచ్చును.

పేరునకు ఏ లిపియైన నేమి, సంచి రెండు నెలలలో చినుగును గదా యని కొందరనుచున్నారు. అట్లయిన ఇంగ్లీషులో మాత్రము పేరు తప్పు పోయినచో ఊరుకొందురా? ఆ పేరులో ఒక అక్షరము మారిన మరల వేయించుదురు. తెలుగులో మూడు వత్తులు పోయినను సర్దుకొందురు. ఇది మాకు బాధ కలిగించుచున్నది. మన వీధులలో తెలుగు అక్షరము కనబడు చోట్లు కొలదియే. మన పిల్లలలో పెక్కుమందికి సంచి మీది పేరే తరచుగా కంటబడు తెలుగు. అది తప్పుగా నున్నచో తప్పునే నేర్తురు. లేకయే పోయినచో తెలుగునకు అక్షరములున్నవను సంగతియే వారికి తెలియక పోవచ్చును. మన బియ్యపు మరల యజమానులను చూడుడు. బస్తా మీది గుర్తులో ఒక గీత మారినను వారు ఊరుకొనరు; కొనువాడు ఆ గుర్తును బట్టియే కొనును. బియ్యమునకు చూపు శ్రద్ధ ఇంటిపేరునకు చూపరాదా?

కన్నడమును గురించి మా మాట స్పష్టముగా నుండవలెను. సంచి మీద కన్నడము కూడ వేయించువారిని మేము మనసారా అభినందించుచున్నాము. పెండ్లికి వచ్చువారిలో సగము మంది కన్నడ బంధుమిత్రులే; వారి లిపిలో పేరు చూచినచో వారికి ఆనందము. దుకాణముల నామఫలకములలో నూటికి 60 వంతులు కన్నడముండవలెనని 2024లో చేసిన చట్ట సవరణ నామఫలకములకు సంబంధించినది. పెండ్లి సంచికి సంబంధించినది కాదు. అయినను వర్తకులు తమ పేర సంచులు పంచునప్పుడు కన్నడము పైనను, తెలుగు దాని క్రిందను వేయించుట ఊరి మర్యాద. అయితే తెలుగునకు కోరు శుద్ధతను కన్నడమునకును కోరవలెను. మనవారు కూర్చిన కన్నడములో దీర్ఘములు పోవుట, వత్తులు మారుట మేము చూచితిమి. తెలుగును తెలుగు తెలిసినవారును, కన్నడమును కన్నడ ఉపాధ్యాయుడొకరును చూచిన పిమ్మటనే ఫైలు పంపవలెను.

మన సంఘ కార్యవర్గము ముందు ఈ సూచనలను ఉంచుచున్నాము. సంఘ చిహ్నమును ఒకసారి రేఖలతో శుద్ధముగా గీయించి, ఒక రంగులో నొకటి, రెండు రంగులలో నొకటి, తెలుపు మీద విడిచినది యొకటి ప్రతులు సిద్ధపరచి రెండు వేర్వేరు చోట్ల దాచవలెను. దానితోపాటు శుభ వివాహము, గృహప్రవేశము, షష్టిపూర్తి, సీమంతము, శ్రీరస్తు, శుభమస్తు వంటి పదములను గుడ్డకు తగిన మందముతో కూర్పించి, రేఖలుగా మార్చి, కోరిన కుటుంబమునకు ఉచితముగా ఇయ్యవలెను. అప్పుడు ఇంటివారు క్రొత్తగా కూర్పించవలసినవి పేర్లు, తేదీ, ఊరు మాత్రమే. తెలుగు బాగుగా చదువగల పెద్దలు మన సంఘములో కొదువ లేదు. కంప్యూటరు తెలిసిన యువకులును కొదువ లేదు. ఒక పెద్దను, ఒక యువకుని జతపరచినచో ఆ ఖాళీ కుర్చీ నిండును. పెద్దలకు ఫైలు తెరచుట రాదు, యువకునకు ధకును దకును భేదము తెలియదు. ఇద్దరును కలిసి కూర్చుండక తప్పదు. ఈ నెపముతో మనుమడు తాతగారి వద్ద నాలుగక్షరములు నేర్చినచో అదియు లాభమే.

కుటుంబములవారు చేయవలసినది ఇంతకంటె తక్కువ. అచ్చు వేయుటకు ముందు నమూనాను అసలు కొలతలో కాగితము మీద తీయించి, దానిని సంచికి గుండుసూదితో గుచ్చి, రెండు బారల దూరము నుండి ఇంటిలోని పెద్దలచేత చదివించవలెను. తడబాటు లేకుండ చదివినచో క్రింద చేవ్రాలు చేసి అచ్చువారికి ఇయ్యవలెను. మొదటి సంచి ఆరిన తరువాత సున్నలను, వత్తులను చూచి మిగిలినవానికి అనుమతి ఇయ్యవలెను. ఫోనులో చూచి సరే యనరాదు. మాఘమాసపు ముహూర్తములకు సంచులు వేయించువారు సంక్రాంతికి ముందే పని ఆరంభించుట మేలు. పుష్యము శూన్యమాసము గావున పెండ్లిండ్లుండవు, అచ్చువారికిని కొంత తీరిక చిక్కును.